నేలపై ఎగిరిన విమానము

నేడు ఇంట కంప్యూటరు ముందు కూర్చుండి పాతకాలపు డి.సి.-3 విమానమును నడిపి ముచ్చట తీర్చుకొనువారు కలరు. ఈ నేలమీది విమానయానమునకు మూలపురుషుడు ఎడ్విన్ లింక్. 1904లో అమెరికాయందలి ఇండియానా రాష్ట్రమున జన్మించెను. తండ్రికి బింగ్‌హామ్‌టన్ పట్టణమున పియానోలు, ఆర్గనులు చేయు కార్ఖానా ఉండెను. కుమారుడందే పని నేర్చెను. 1920లో యాబది డాలర్లు చెల్లించి తొలి విమానపాఠమునకు పోగా, గురువు ఆతనిని మీటలనే ముట్టనీయలేదట!

ఆర్గనునకు ఊపిరి పోయు తిత్తులనే లింక్ ఒక చిన్న పెట్టెవిమానము క్రింద అమర్చెను. లోపలివాడు మీట కదపగా కవాటములు తెరచుకొని, ఒక తిత్తి ఉబ్బును, వేరొకటి అణగును. పెట్టె అటునిటు ఒరగును. 1929 నాటికిది సిద్ధమైనను, విమాన పాఠశాలలు లక్ష్యపెట్టలేదు. వినోదశాలలలో నాణెము వేసి ఆడుకొను బొమ్మగా అమ్ముడుపోయెను.

1934లో అమెరికా సైన్యము విమాన టపాను మోయ పూనుకొనెను. మబ్బులలో దారి కానక, కొద్ది వారములలోనే పలువురు వైమానికులు మరణించిరి. పెట్టెలో కూలినవాడు లేచి మరల కూర్చుండును. ఆకసమున కూలినవానికి ఆ భాగ్యమేది? నెవార్కులో లింక్ కొరకు వేచియున్న సైనికాధికారులు, పొగమంచు చూచి ఇక రాడని తలచుచుండగా, ఆతడు పరికరముల ముల్లులనే నమ్మి విమానమును దింపెను. వారు ఆరు యంత్రములు కొనిరి.

రెండవ ప్రపంచయుద్ధమున అయిదు లక్షలమందికి పైగా ఆ మూతవేసిన పెట్టెలో కూర్చుండి నేర్చిరి. లింక్ 1981లో బింగ్‌హామ్‌టన్‌లోనే కన్నుమూసెను.