గిజిగాని గూడు చూచి మురిసిన కవి

మన నల్లరేగడి పొలములకు పత్తితీతకో మిరపకోతకో పోవువారు బావిమీదికి వంగిన తుమ్మకొమ్మలకు వ్రేలాడు గిజిగాని గూళ్లను చూచియే యుందురు. చూచి, ఎవరి పనిమీద వారు పోదురు. ఆ గూటిని చూచి మురిసి పద్యములల్లిన కవి మన ప్రాంతముననే పుట్టెను. ఆయన గుఱ్ఱం జాషువ.

ఇప్పుడు పల్నాడు జిల్లాలో చేరియున్న వినుకొండలో 1895 సెప్టెంబరు 28న ఆయన జన్మించెను. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. యౌవనములో మిషను పాఠశాలలో నెలకు 3 రూపాయల జీతము, అదియు పోయెను. 1915-16లలో రాజమండ్రిలో మూగ సినిమాల కథను ప్రేక్షకులకు చదివి వినిపించి పొట్ట పోసికొనెను. పిమ్మట గుంటూరులో లూథరన్ సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయములో 10 సంవత్సరములు పనిచేసెను.

వినుకొండలో ఒక అవధానసభయందు పద్యములు చదివినందుకు కులము పేరెత్తి ఆయనను అవమానించిరి. హిందూమత సంబంధమైన కథలు వ్రాయుచున్నాడని మన క్రైస్తవ పెద్దలును వెలివేసిరి. ఇది దాచవలసిన సంగతి కాదు.

ఇన్ని దెబ్బలు తిన్న మనిషికి సంతోషమెక్కడ దొరికెను? చేతులు లేని పిట్ట ఒక్క ముక్కుతో గడ్డిపోచలు చీల్చి, క్రిందికి తెరచిన ద్వారముతో ఇల్లు అల్లుకొనుటలో దొరికెను. పత్తి కొనక, మగ్గము లేక, కడుపులోని నూలుతోనే నేయు సాలీడునందు దొరికెను. పసిబిడ్డ ఆటలో దొరికెను. ఆయన శిశువు పద్యములు ఘంటసాల గొంతున ఎన్నో యిండ్లకు చేరినవి. వీటిలో ఒక్కటియు వెలపెట్టి కొనవలసినది కాదు.

సంతృప్తి యనగా నోరు మూసికొని పడియుండుట యని బీదలకు బోధించువారు కలరు. మాకది సరియని తోచదు. నలుగురు అపశకునమనెడి గబ్బిలమునందు ఈ కవికే ఒక దూత కనబడెను. గుడిలోనికి రానియ్యబడని బీదవాడు తన ఆకలిని, అవమానమును కాశీలోని శివునికి విన్నవింపుమని ఆ గబ్బిలముతో చెప్పుకొనును. 1941లో వచ్చిన ఆ గబ్బిలము కావ్యము ఆంధ్రదేశమును కదలించెను. పిట్టగూటిని ప్రేమించిన కన్నే అన్యాయమునుకూడ చూచెను. పౌలును తలంచుడి. ఉన్న స్థితిలో తృప్తిగా నుండ నేర్చితినని ఆయన బంధకములలో నుండి ఫిలిప్పీయులకు వ్రాసెను. అయితే అదే ఫిలిప్పీలో విచారణ లేక కొట్టించిన అధికారులు రహస్యముగా పంపివేయ జూడగా, వారే వచ్చి తన్ను వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుపట్టెను. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము చదివి చూడుడి.

గౌరవములు ఆలస్యముగా వచ్చినవి. క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడెమీ బహుమానము, 1970లో పద్మభూషణ్. పిట్టమీద, సాలీడుమీద పద్యములు అంతకుముందే వ్రాసియుండెను. 3 రూపాయల జీతమును, పద్మభూషణమును రెంటిని చూచిన ఆ కవి 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూసెను.