పేటన్ రౌస్ చరిత్రము

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పెరటికోళ్లను పెంచువారు పెక్కురు. ఒక కోడికి తెగులు తగిలిన తక్కినవానికిని సోకునని మన బాలురు సైతము ఎరుగుదురు. కాని కాన్సరు కంతియు అట్లే సోకవచ్చునని చూపిన పేటన్ రౌస్ అను అమెరికా వైద్యుని మాటను పండితులే చిరకాలము నమ్మరైరి. ఆయన చరిత్రమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

రౌస్ 1879 అక్టోబరు 5వ తేదీన బాల్టిమోరు నగరమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. వైద్యవిద్య నభ్యసించుచు శవపరీక్ష చేయునపుడు, క్షయ సోకిన యెముక గీచుకొని వ్రేలు తెగి, ఆ రోగమే తనకు సంక్రమించెను. శస్త్రచికిత్స పిమ్మట ఒక యేడు టెక్సాసులో పశువుల నడుమ పనిచేసి, స్వస్థుడై మరలివచ్చి, 1905లో పట్టభద్రుడయ్యెను. అంటు అననేమో పుస్తకమునకంటె ముందు తన వ్రేలే ఆయనకు నేర్పెను.

1909లో ఆయన పనిచేయుచున్న న్యూయార్కు రాక్‌ఫెల్లరు పరిశోధనాలయమునకు, రొమ్మున పెద్ద కంతిగల ప్లిమతు రాక్ జాతి కోడిపెట్ట నొకదానిని తెచ్చిరి. కంతిముక్కను అదే జాతి కోళ్లలో నాటగా పెరిగెను. ఇది యంత వింత కాదు. మన వీధికుక్కలలో కనబడు అంటుకంతియు, 1996లో టాస్మేనియా అడవిజంతువులలో తొలుత కనబడిన ముఖవ్రణమును సజీవకణములే ఒకదానినుండి మరియొకదానికి చేరుటవలన వ్యాపించును. పిమ్మట రౌస్ కంతిని నూరి, కణములును సూక్ష్మక్రిములును దూరజాలని సన్నని జల్లెడలో వడగట్టి, ఆ తేటను కోళ్లకు ఎక్కించెను. మరల కంతులు పుట్టెను! కణము లేకయే కాన్సరు వచ్చెను, కారణము వైరసు. 1911లో ఈ సంగతి ప్రకటింపబడెను. ఎలుకలలో అట్టిది దొరకకపోవుటచే, కోడి సంగతి మనకేల యని పలువురు త్రోసివేసిరి. (చదువరులు కోడికూర మానవలసిన పనిలేదు, ఆ వైరసు మనుష్యులకు రోగము కలిగింపదు.) కొన్ని యేండ్లకు ఆయనయు ఆ పని విడిచెను.

మొదటి ప్రపంచయుద్ధకాలమున రక్తమును నిలువచేయు ద్రావణమును సహచరునితో గూడి సిద్ధపరచెను. అది గాయపడిన సైనికులకు ఉపకరించెను.

1933లో రిచర్డు షోప్ అను మిత్రుడు, అడవికుందేళ్లకు కొమ్ములవలె మొలచు పులిపిరులకు వైరసే కారణమని కనుగొని, ఆ పరిశోధనను రౌస్‌కు అప్పగించెను. వానిలో కొన్ని ముదిరి కాన్సరగుటను రౌస్ కనుగొనెను. తుదకు 1966లో, 87 యేండ్ల ప్రాయమున, నోబెలు బహుమానము లభించెను.

అయితే, కణములోని జన్యువుల మార్పువలన కాన్సరు కలుగునను సిద్ధాంతమును ఆయన అప్పటికిని ఒప్పుకొనలేదు. తన మాట నమ్మనివారి నడుమ అన్ని యేండ్లు గడపినవాడు ఇతరుల మాటను త్రోసివేయుట మాకు వింతగా తోచుచున్నది. 1970 ఫిబ్రవరి 16వ తేదీన మరణించెను. 1976లో బిషప్, వార్మస్ మొదలగువారు, ఆ కోడి వైరసులో కాన్సరు కలిగించు జన్యువు వైరసుది కాదనియు, ఆరోగ్యవంతమైన కోడి కణమునుండి అది అపహరించినదే యనియు చూపిరి. అట్టి జన్యువు మనుష్యులలోను కలదని పిదప తేలెను. ఆ యిరువురకు 1989లో నోబెలు బహుమానము వచ్చెను.