గాబ్రియేల్ వాజాన్

గాబ్రియేల్ వాజాన్ (ఫిబ్రవరి 5, 1880 - డిసెంబర్ 25, 1973) ఫ్రాన్సు దేశానికి చెందిన విమాన, కారు నిర్మాత. ఐరోపాలోని తొలితరం విమాన నిర్మాతలలో ప్రముఖుడు. బ్రేకు వేసినపుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే యంత్రాంగాన్ని మొదటగా ప్రయోగించినవారిలో ఇతడు ఒకడు. నేటి మోటారు సైకిళ్ళలోని యాంటీ లాక్ బ్రేకులు (ఏ.బి.ఎస్.) ఇదే సూత్రంపై పనిచేస్తాయి.

బాల్యము, విద్య

వాజాన్ సోన్ నది ఒడ్డున ఉన్న బెల్‌విల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి కుటుంబాన్ని విడిచి వెళ్ళగా, తల్లి ఇద్దరు కొడుకులను తీసుకొని పుట్టింటివారి ఊరు చేరింది. ఒక కర్మాగారానికి యజమాని అయిన తాత వారికి చదువు చెప్పించాడు. వాజాన్ లియాన్ నగరంలో వాస్తుశిల్పం అభ్యసించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో క్లెమాఁ ఆదెర్ నిర్మించిన విమానాన్ని చూసిన తరువాత అతని దృష్టి ఆకాశయానంపైకి మళ్ళింది.

విమాన నిర్మాణము

1905లో వాజాన్ నిర్మించిన గ్లైడరును సేన్ నదిపై మోటారు పడవతో లాగి గాలిలోకి లేపారు. కొంతకాలం లూయీ బ్లేరియోతో కలిసి పనిచేసి, 1906లో తమ్ముడు ఛార్లెస్‌తో సొంత కర్మాగారం స్థాపించాడు. 1908 జనవరి 13న హెన్రీ ఫార్మన్ వాజాన్ విమానంలో ఒక కిలోమీటరు దూరాన్ని చుట్టివచ్చి, బయలుదేరిన చోటికే చేరుకొని బహుమతి గెలుచుకున్నాడు. 1912లో ఛార్లెస్ కారు ప్రమాదంలో మరణించాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వాజాన్ విమానాలను బాంబులు వేయడానికి విరివిగా వాడారు. తన యంత్రాలు కలిగించిన విధ్వంసం అతని మనసును కలచివేసింది. యుద్ధం ముగిశాక విమానాల తయారీని వదలి, 1919 నుండి కార్ల తయారీ చేపట్టాడు.

బ్రేకులపై ప్రయోగాలు

చక్రం దొర్లుతున్నంతసేపు టైరులో నేలను తాకిన భాగం దాదాపు కదలకుండా రోడ్డును పట్టుకొని ఉంటుంది. బ్రేకు అతిగా పడితే చక్రం తిరగడం మాని జారుతుంది. అప్పుడు పట్టు తగ్గడమే కాక, వాహనం దిశను మార్చడం కూడా సాధ్యం కాదు. నేలపై దిగే విమానానికి ఇది మరింత ప్రమాదకరం. జారే టైరు ఒకేచోట అరిగి పగిలిపోతుంది.

1920వ దశకంలో వాజాన్ దీనికొక ఉపాయం ప్రయోగించాడు. చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకు బరువైన ఫ్లైవీల్‌ను జోడించాడు. మామూలుగా రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. చక్రం హఠాత్తుగా నెమ్మదిస్తే డ్రమ్ము కూడా నెమ్మదిస్తుంది, కాని బరువువల్ల ఫ్లైవీల్ పాత వేగంతోనే తిరుగుతుంది. ఈ తేడా ఒక వాల్వును తెరుస్తుంది. కొంత బ్రేకు ద్రవం బయటకు పోయి ఒత్తిడి తగ్గుతుంది, చక్రం మళ్ళీ దొర్లుతుంది. బ్రేకును ఎక్కువగా నొక్కడం కాక, సరైన క్షణంలో వదలడమే ఇందులోని కీలకం.

మోటారు సైకిళ్ళలో

రెండు చక్రాల బండికి ఈ సూత్రం ప్రాణావసరం. ముందు చక్రం బిగుసుకుపోతే కారు జారుతుంది, మోటారు సైకిలు పడిపోతుంది. 1958లో ఇంగ్లాండులో విమానాల కోసం డన్‌లప్ సంస్థ చేసిన మాక్సరెట్ అనే సాధనాన్ని రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ బండికి అమర్చి పరీక్షించారు. తడి రోడ్డుపై ఫలితాలు బాగున్నా అది ఉత్పత్తికి రాలేదు. 1988లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ కె100 బండిలో ఎలక్ట్రానిక్ ఏ.బి.ఎస్.ను ప్రవేశపెట్టింది.

ఈ పద్ధతిలో ఫ్లైవీల్ ఉండదు. చక్రానికి బిగించిన పళ్ళ చట్రం తిరిగే వేగాన్ని సెన్సరు కొలుస్తుంది. చక్రం బిగుసుకోబోతున్నదని గుర్తించగానే కంప్యూటరు వాల్వులద్వారా ఒత్తిడిని తగ్గించి తిరిగి పెంచుతుంది. ఇది సెకనుకు అనేకమార్లు జరుగుతుంది.

భారతదేశంలో 125 సి.సి. కంటే పెద్ద ఇంజను గల ద్విచక్ర వాహనాల కొత్త మోడళ్ళకు 2018 ఏప్రిల్ 1 నుండి, అప్పటికే ఉత్పత్తిలో ఉన్న మోడళ్ళకు 2019 ఏప్రిల్ 1 నుండి ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి వానలు తక్కువగా పడే ప్రాంతాలలో దీని ఉపయోగం తేలికగా అర్థమవుతుంది. చాలాకాలానికి పడిన తొలి వానకు రోడ్డుపై పేరుకున్న దుమ్ము, నూనె కలిసి జారుడుగా మారతాయి. అటువంటి చోట ఉన్నట్టుండి బ్రేకు వేసినా ఏ.బి.ఎస్. ఉన్న చక్రం దొర్లుతూనే ఉంటుంది. అయితే వదులు ఇసుక, కంకరలపై ఏ.బి.ఎస్. వల్ల బండి ఆగే దూరం పెరగవచ్చు. బండిని వంచి మలుపు తిరిగేటప్పుడు సాధారణ ఏ.బి.ఎస్. పూర్తి రక్షణ ఇవ్వదు.

చివరి జీవితము

1930వ దశకంలో వాజాన్ తన కార్ల సంస్థపై అధికారాన్ని కోల్పోయాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బిస్కూటర్ అనే తేలికపాటి చిన్న కారును రూపొందించాడు. ఫ్రాన్సులో ఆదరణ పొందని ఆ కారును 1950వ దశకంలో స్పెయిన్‌లో వేల సంఖ్యలో తయారు చేశారు. వాజాన్ 93 సంవత్సరాల వయసులో, 1973 డిసెంబర్ 25న మరణించాడు.