మన సికింద్రాబాద్ ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్

ఈ సంచిక కోసం ఒక ప్రముఖుని జీవిత చరిత్ర రాయమని మాకు అప్పగించినప్పుడు మేము పెద్దగా ఆలోచించలేదు. గడచిన వేసవి సెలవుల్లో మల్కాజ్‌గిరి నుంచి మాలో కొందరం చిన్న డాక్యుమెంటరీ సినిమా తీయడం నేర్పే శిక్షణకు వెళ్ళాము. అక్కడ మాకు ఇచ్చిన మొదటి పని, మనం ఉండే చోటికి దగ్గరలో బతికిన ఒక మనిషి గురించి నాలుగు నిమిషాల సినిమా తీయడం. మేము ఎంచుకున్న మనిషి రాజా దీన్ దయాళ్. సినిమా నాలుగు నిమిషాలే కనుక అందులో పట్టని సంగతులు చాలా మిగిలిపోయాయి. వాటిని కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాము.

బాల్యం, చదువు

దీన్ దయాళ్ 1844లో ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ దగ్గర సర్ధనా అనే ఊరిలో జన్మించారు. వారిది నగల వ్యాపారం చేసే జైన కుటుంబం. అయితే ఆయన కుటుంబ వ్యాపారంలోకి వెళ్ళకుండా రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. మన దేశంలో ఇంజనీరింగ్ నేర్పిన మొట్టమొదటి కాలేజీ అదే. అక్కడ ఆయన నేర్చుకున్నది సర్వే చేయడం, కొలతలు తీయడం, ప్లాన్లు గీయడం. చదువు పూర్తయ్యాక 1866లో ఇండోర్‌లో పనుల శాఖ కార్యాలయంలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగంలో చేరారు. అంటే కట్టబోయే భవనానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేయడం, దాని బొమ్మ గీయడం ఆయన రోజువారీ పని.

ఫోటోలు తీయడం ఆయన ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. 1874 ప్రాంతంలో, ముప్పయ్యేళ్ళ వయసులో, ఉద్యోగం చేసుకుంటూనే కెమెరా పట్టారు. ఆ రోజుల్లో ఫోటో తీయడం నేటిలాగా వేలితో నొక్కే పని కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూయాలి. దాన్ని వెండి లవణం కలిపిన నీటిలో ముంచాలి. ఆ పలక తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి. వెంటనే చీకట్లో రసాయనాలతో కడగాలి. బయటి ఊళ్ళకు వెళ్తే చీకటి గది కోసం ఒక గుడారం, మందుల సీసాలు, గాజు పలకలు, బరువైన చెక్క కెమెరా అన్నీ బళ్ళ మీద వెంట తీసుకుపోవాలి. 1880 ప్రాంతంలో ముందే తయారు చేసి ఉంచుకోగల పొడి పలకలు వచ్చాక ఈ పని కొంత తేలికైంది.

ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, అక్కడి బ్రిటిష్ అధికారి సర్ హెన్రీ డేలీ ఆయన పని చూసి ప్రోత్సహించారు. 1875-76లో ఇంగ్లండు యువరాజు మన దేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను ఫోటోలు తీసే అవకాశం ఆయనకు దొరికింది. ఆ తర్వాత 1882 నుంచి సర్ లెపెల్ గ్రిఫిన్ అనే అధికారితో కలిసి మధ్య భారతం అంతా తిరిగి కోటలు, గుడులు, పాత కట్టడాలను ఫోటోలు తీశారు. వాటిలో నుంచి 86 చిత్రాలతో 1886లో ఒక పెద్ద పుస్తకం వచ్చింది. ప్లాన్లు గీసిన చేయి కాబట్టి కట్టడాన్ని ఏ మూల నుంచి చూస్తే దాని నిలువు, వెడల్పు సరిగా తెలుస్తాయో ఆయనకు తెలుసు. ఉద్యోగం కోసం నేర్చుకున్న విద్య, ఇష్టంతో చేసిన పనికి ఇలా ఉపయోగపడింది.

సికింద్రాబాద్‌కు రాక

1885లో ఆయన వైస్రాయి ఫోటోగ్రాఫర్‌గా నియమితులయ్యారు. సుమారు అదే సమయంలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా తీసుకున్నారు. దీన్ దయాళ్ సర్కారు ఉద్యోగం వదిలి, 1880ల చివరికల్లా సికింద్రాబాద్‌లో స్టూడియో స్థాపించి స్థిరపడ్డారు. సికింద్రాబాద్ అప్పటికి బ్రిటిష్ సైన్యం ఉండే కంటోన్మెంట్ ఊరు. ఇటు దండు అధికారులు, అటు హైదరాబాద్ నవాబులు, జాగీర్దార్లు, వ్యాపారులు అందరూ ఆ స్టూడియోకు వచ్చేవారు. ఆయన కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ కూడా ఈ పనిలోనే తోడయ్యారు. సంస్థ పేరు రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ అని స్థిరపడింది.

1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం ఒక ప్రత్యేక స్టూడియో తెరిచారు. ఘోషా పాటించే స్త్రీలు పరపురుషుడి ముందు ముసుగు తీయరు కదా. అందుకని ఆ స్టూడియోను మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. లోపల పనిచేసేది స్త్రీలే. ఫోటో తీయించుకునేవారి మర్యాద ముందు, ఫోటో తర్వాత అనే పద్ధతి 130 ఏళ్ళ క్రితమే మన ఊళ్ళో అమలైందని తెలిసి మేము ఆశ్చర్యపోయాము.

1893లో అమెరికాలోని షికాగో నగరంలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఆయన చిత్రాలు వెళ్ళాయి. 1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. అప్పటి నుంచే లాలా దీన్ దయాళ్ కాస్తా రాజా దీన్ దయాళ్ అయ్యారు. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో పెట్టారు. అదే ఏడాది జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్‌లో లూమియేర్ సోదరుల కదిలే బొమ్మలను మన దేశంలో మొదటిసారి చూపించారు. ఆ బొమ్మల్లో రైలు రావడం, ఫ్యాక్టరీ నుంచి కార్మికులు బయటికి రావడం వంటి నిజజీవిత దృశ్యాలే ఉండేవి. నేడు మనం డాక్యుమెంటరీ అంటున్నదానికి అవే మొదటి మెట్టు. 1897లో విక్టోరియా రాణి దీన్ దయాళ్‌ను తన ఫోటోగ్రాఫర్‌గా గుర్తిస్తూ అధికార పత్రం ఇచ్చారు.

కరువు పనుల ఫోటోలు

ఇంతవరకు చదివినవారికి ఆయన రాజులకు, దొరలకు మాత్రమే ఫోటోలు తీసిన మనిషి అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. కొలువులు, ఏనుగులు, విందు బల్లలు, వేట ఇవే ఎక్కువగా కనిపిస్తాయి. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ వరంగల్ దగ్గర నెక్కొండ అడవుల్లో పులిని వేటాడినప్పటి ఫోటో చాలా ప్రసిద్ధి. పులి వేట అంటే హాకా వేసి పులిని తరిమే మనుషులు కావాలి. వాళ్ళు చుట్టుపక్కల పల్లెల వాళ్ళే అయి ఉంటారు. ఫోటో కింద ఉన్నది దొరగారి పేరు, ఊరి పేరు. హాకా వేసినవాళ్ళ పేర్లు లేవు.

అయితే 1899-1900లో వచ్చిన పెద్ద కరువు కాలంలో నిజాం ప్రభుత్వం ఔరంగాబాద్ ప్రాంతంలో చేయించిన కరువు పనులను కూడా ఈ స్టూడియో ఫోటోలు తీసింది. ఔరంగాబాద్ అప్పుడు హైదరాబాద్ రాజ్యంలో భాగం, నేడు మహారాష్ట్రలో ఛత్రపతి శంభాజీనగర్. మన మల్కాజ్‌గిరి జంక్షన్ నుంచి బొల్లారం, మేడ్చల్, నిజామాబాద్, నాందేడ్ మీదుగా మన్మాడ్ పోయే రైలు మార్గం ఆ ఊరి మీదుగానే వెళ్తుంది. ఆ మార్గం కూడా సరిగ్గా ఆ కరువు రోజుల్లోనే పూర్తయింది.

ఈ ఫోటోల దగ్గర మాలో పెద్ద చర్చ జరిగింది. ఇవి ప్రభుత్వం తాను చేసిన మంచి పనిని చూపించుకోవడానికి తీయించినవి. కాబట్టి ఇందులో కనిపించేది మొత్తం నిజం కాదని మాలో కొందరు వాదించారు. డబ్బు ఎవరిదైనా, ఆకలిగొన్న మనుషులు ఆ ఫోటోల్లో ఉన్నారు కదా, అవి లేకపోతే వాళ్ళ గుర్తు ఏమీ మిగిలేది కాదని మరి కొందరు అన్నారు. మాకు శిక్షణ ఇచ్చిన సారు ఏ పక్షమూ తీసుకోలేదు. ప్రతి ఫోటో ముందు మూడు ప్రశ్నలు వేసుకోమని చెప్పారు. ఇది ఎవరు తీశారు? ఎవరు తీయించారు? ఇందులో ఉన్నవాళ్ళను ఎవరైనా అడిగారా? రెండు రోజులు మాట్లాడుకున్నాక మేము ఒక అభిప్రాయానికి వచ్చాము. రెండు మాటలూ నిజమే. అందుకే మా సినిమాలో ఒకే కరువు ఫోటోను రెండు సార్లు చూపించాము. మొదటిసారి పనిని చూపించి, అది ఎవరు తీయించారో చెప్పాము. రెండోసారి ఒక్కొక్క ముఖం మీద నెమ్మదిగా కెమెరా నడిపి, ఏమీ మాట్లాడకుండా వదిలేశాము.

చివరి రోజులు

1904లో చిన్న కుమారుడు ధరమ్ చంద్ మరణించారు. ఆ మరుసటి ఏడాదే, 1905 జులై 5న దీన్ దయాళ్ కూడా కన్నుమూశారు. ఆయనకు 61 ఏళ్ళు. ఆ తర్వాత జ్ఞాన్ చంద్ సికింద్రాబాద్‌లో స్టూడియోను నడిపారు. గాజు పలకలు చాలా కాలం కుటుంబం దగ్గరే ఉన్నాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగెటివులను తీసుకుని భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

ఆయన అలవాట్లలో మాకు బాగా నచ్చింది ఒకటి ఉంది. ఆయన ఫోటోల అడుగున పేరు, వరుస నంబరు ఉంటాయి. వేలకొద్దీ పలకలు ఉన్నా ఏది ఎక్కడిదో వెతకగలిగేది ఆ నంబరు వల్లనే. ఇంజనీరింగ్ ఆఫీసులో లెక్కలు రాసిన మనిషి కనుక ఆ క్రమశిక్షణ వచ్చిందని మేము అనుకుంటున్నాము.

మేము నేర్చుకున్నది

సినిమా తీయడం గురించి అడిగే తమ్ముళ్ళ కోసం నాలుగు మాటలు. ముందు కాగితం మీద రెండు గడులు గీయాలి. ఎడమ గడిలో కనిపించేది, కుడి గడిలో వినిపించేది రాయాలి. ఫోన్ కెమెరాతో అయినా సరే, స్టాండు మీద పెట్టి ప్రతి షాట్‌ను కనీసం పది సెకన్లు కదలకుండా తీయాలి. ఒకే చోటును దూరం నుంచి, మధ్యస్థంగా, దగ్గర నుంచి మూడు రకాలుగా తీసుకోవాలి. రైలు చప్పుడు, బజారు గోల వంటి శబ్దాలు విడిగా రికార్డు చేసుకోవాలి. బొమ్మలో కనిపిస్తున్నదాన్నే మాటల్లో మళ్ళీ చెప్పకూడదు. పాత ఫోటోను వాడేటప్పుడు అది ఏ సంవత్సరానిదో, ఎవరు తీశారో తప్పక చెప్పాలి. బతికి ఉన్న మనిషిని తీసేముందు అనుమతి అడగాలి, వద్దంటే కెమెరా దించాలి. ఎడిటింగ్‌లో మనకు బాగా ఇష్టమైన షాట్ అయినా కథకు అక్కరలేకపోతే తీసేయాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి శిక్షణ పూర్తయ్యాక మాకు తట్టింది. ఒక రాత్రి భోజనాల తర్వాత మా తాతల, ముత్తాతల ఫోటోలు ఎవరి ఇంట్లో ఉన్నాయని లెక్క వేసుకున్నాము. చాలామందికి తాత ఫోటో అంటే రేషన్ కార్డు మీద ఉన్నదే. ముత్తాత ఫోటో ఒక్కరి ఇంట్లో కూడా లేదు. దీన్ దయాళ్ కెమెరా సికింద్రాబాద్‌లో పనిచేసిన రోజుల్లో మన ముత్తాతల తల్లిదండ్రులు ఈ నేల మీదనే బరువులు మోశారు, చెరువులు తవ్వారు, రైలు కట్టలు పోశారు. వారి పనులు మిగిలాయి, వారి ముఖాలు మిగలలేదు. దీనికి ఒక్క దీన్ దయాళ్‌ను తప్పు పట్టి లాభం లేదు. కెమెరా ఎవరి చేతిలో ఉంటే, దానికి డబ్బు ఎవరు ఇస్తే, వాళ్ళు చూడదలచినదే అది చూస్తుంది. నేడు కెమెరా మన చేతిలో కూడా ఉంది. చూడవలసినవాళ్ళను మనమే చూడాలి.

అందుకని ఈ వార్షికోత్సవ సందర్భంగా ఒక పని మొదలుపెడుతున్నాము. సెలవులకు ఊరికి వెళ్ళే ప్రతి విద్యార్థీ తన ఇంట్లో అందరికంటే పెద్దవారిని, వారి అనుమతితో, మూడు నిమిషాలు వీడియో తీసి తేవాలి. వారి పేరు, ఊరు, చేసిన పని, తీసిన తేదీ కాగితం మీద రాసి నంబరు వేయాలి. పూర్వ విద్యార్థులైన అన్నలకు మా మనవి ఏమంటే, మీ దగ్గర హాస్టల్ నాటి గ్రూపు ఫోటోలు ఉంటే ఒకసారి తీసుకురండి. అందులో నిలబడ్డవారి పేర్లు వరుసగా వెనుక రాసి ఇవ్వండి. వంట చేసిన అమ్మ, కాపలా ఉన్న తాత ఫోటోలో ఉంటే వారి పేర్లు కూడా మరచిపోకండి. మేము ఆ ఫోటోలకు కాపీలు తీసుకుని అసలువి మీకు భద్రంగా తిరిగి ఇస్తాము.

ముప్పయ్యేళ్ళ వయసులో, ఉద్యోగం చేసుకుంటూ, గురువు లేకుండా మొదలుపెట్టి, ఒక సామాన్య ఉద్యోగి దేశమంతా గుర్తించే కళాకారుడయ్యారు. నేర్చుకోవాలనే పట్టుదల ఉంటే ఆలస్యమైందని బాధపడనవసరం లేదని ఆయన జీవితం మనకు చెబుతోంది. ఆయన పలకల మీద చోటు దొరకని మనుషులకు మనం చోటు ఇద్దాం.

ఇట్లు,
వేసవి డాక్యుమెంటరీ శిక్షణ పొందిన విద్యార్థి బృందం,
మల్కాజ్‌గిరి