ఓమ్ పండితుని చరిత్రము

బోరుమోటారును నమ్ముకొని వేరుసెనగ పండించు కదిరి సీమలో కరెంటన్నను, వోల్టేజి యన్నను తెలియనివారు లేరు. మోటారు కాలినపుడు రైతు నిందించునది ఈ రెంటినే. కాని ఈ రెంటికి నడుమ నిలిచి జమాఖర్చు సరిచూచునది మఱియొకటి కలదు. అది నిరోధము. ఈ మూడింటికిని గల సంబంధమును కనుగొని, అందులకు ప్రతిఫలముగా ఏండ్ల తరబడి అనాదరమును భరించిన మహనీయుడు జార్జి సైమన్ ఓమ్.

ఓమ్ 1789వ సంవత్సరము మార్చి 16వ తేదీన జర్మనీ దేశమందలి ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి జోహాన్ వోల్ఫ్‌గాంగ్ తాళములు చేయు పనివాడు. తల్లి ఒక దర్జీ కూతురు. తండ్రికి పెద్ద చదువులు లేవు. అయినను చేతిపని చేసికొనుచునే గ్రంథములు చదివి, గణితమును, భౌతిక రసాయన శాస్త్రములను, తత్త్వశాస్త్రమును స్వయముగా నభ్యసించెను. పుట్టిన ఏడుగురు బిడ్డలలో దక్కినవారు ముగ్గురే. జార్జి పదియేండ్లవాడై యుండగా తల్లియు గతించెను. అంతటి దుఃఖమునందును తండ్రి కుమారు లిద్దరికిని తానే గురువై పాఠములు చెప్పెను. విశ్వవిద్యాలయ గణితాచార్యుడగు లాంగ్స్‌డార్ఫ్ బాలుడైన జార్జిని పరీక్షించి, ఆ తాళములవాని యింటినుండి బెర్నూలీ సోదరులవంటి గణితజ్ఞులు రాగలరని మెచ్చుకొనెను. తమ్ముడు మార్టిన్ కూడ తరువాత గణితాచార్యుడే అయ్యెను.

1805లో జార్జి విశ్వవిద్యాలయమున చేరెను. కాని అచ్చట చదువు విడిచి నాట్యములందును, బిలియర్డ్సు ఆటయందును, మంచుపై జాఱు క్రీడయందును కాలము పుచ్చెను. కష్టార్జితముతో చదివించుచున్న తండ్రి దానిని సహింపజాలక, ఏడాదిన్నరకే కుమారుని చదువు మాన్పించెను. 1806లో జార్జి స్విట్జర్లాండునకు పోయి గణితోపాధ్యాయుడయ్యెను. అచ్చట బుద్ధి తెచ్చుకొని, గొప్ప గణితగ్రంథములను తనంతట తాను చదివి, తిరిగి వచ్చి 1811లో ఎర్లాంగెన్‌లోనే డాక్టరు పట్టమును పొందెను.

1817లో కొలోన్ నగరమందలి ఉన్నత పాఠశాలలో ఉద్యోగము దొరకెను. అచ్చటి ప్రయోగశాల మంచిది. తండ్రి వద్ద నేర్చిన లోహపు పనితనము ఇచ్చట అక్కఱకు వచ్చెను. 1825లో ఓమ్ తీగెలలో పాఱు విద్యుత్తును కొలువనారంభించెను. కాని ఆనాటి బ్యాటరీల బలము కొలుచుచుండగనే తగ్గిపోవుచుండెను. గింజలు కాఱు మానికతో ధాన్యము కొలిచినట్లయ్యెను. అంతట పొగెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సూచనపై ఓమ్ బ్యాటరీని విడిచి, బిస్మతును రాగిని జోడించి, ఒక అతుకును మరుగు నీటిచే వేడిగాను, రెండవ అతుకును మంచుచే చల్లగాను ఉంచెను. ఆ వేడిమి భేదము వలన పుట్టిన విద్యుత్తు నిలుకడగా నుండెను. 1826లో 2 అంగుళములు మొదలు 130 అంగుళముల వఱకు పొడవుగల 8 రాగితీగెలను వేఱువేఱుగా తగిలించి, అయస్కాంతపు సూది ఎంత తిరుగునో చూచి లెక్కలు వ్రాసికొనెను.

1827లో బెర్లిన్ నగరమున ఆయన గ్రంథము వెలువడెను. దాని సారము రైతునకు తెలిసినదే. తొట్టి ఎత్తున నున్నకొలది నీరు వడిగా వచ్చును. గొట్టము సన్నమై పొడవైనకొలది తగ్గును. ఎత్తువంటిది వోల్టేజి, పాఱు నీటివంటిది కరెంటు, గొట్టపు అడ్డగింపువంటిది నిరోధము. వోల్టేజిని కరెంటుచే భాగించిన నిరోధము వచ్చును. రెండు తెలిసిన మూడవది తెలియును.

ఇంత సులభమైన సత్యమును స్వదేశ పండితులు పలువురు ఆదరింపలేదు. ప్రకృతి రహస్యమును గణితముచే గాక తత్త్వవిచారముచేతనే తెలిసికొనవలెనని కొందఱు ఆక్షేపించిరి. ఓమ్ మనసు విఱిగి 1828లో కొలోన్ ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి, బెర్లిన్‌లో అల్పవేతనముపై పాఠములు చెప్పుకొని బ్రదికెను. 1833లో నూరెంబర్గులో ఒక ఉద్యోగము లభించెను. కట్టకడపట 1841లో ఇంగ్లండు దేశపు రాయల్ సొసైటీవారు కోప్లీ పతకము నిచ్చి గౌరవించిరి. చిరకాలము కోరిన విశ్వవిద్యాలయాచార్య పదవి 1852లో మ్యూనిక్ నగరమున చేకూరెను. రెండేండ్లయినను నిండ లేదో లేదో, 1854 జూలై 6వ తేదీన ఆయన కీర్తిశేషుడయ్యెను. 1881లో పారిస్ నగరమున సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు కొలతకు ఓమ్ అను పేరు నిర్ణయించెను.

ఓమ్ సూత్రమునకు తోడైనది జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించిన మఱియొక సత్యము: ఒకే తీగెలో కరెంటు రెట్టింపైన వేడి నాలుగింతలగును. వోల్టేజిని కరెంటుచే గుణించిన వాట్లు వచ్చును. 230 వోల్టులపై 4 ఆంపియర్లు లాగు ఇస్త్రీపెట్టె నిరోధము 57.5 ఓములు, దాని ఖర్చు 920 వాట్లు. గంటసేపు కాగినచో ఒక యూనిటునకు కొంచెము తక్కువ.

చేనికి పోవు సర్వీసు తీగెకు రాకపోకలు కలిపి 2 ఓముల నిరోధమున్నదనుకొందము. 10 ఆంపియర్లు పాఱినపుడు 20 వోల్టులు దారిలోనే పోవును; 200 వాట్లు తీగెను వేడిచేయుటకే వ్యయమగును. 20 ఆంపియర్లు పాఱినచో పోవునది 40 వోల్టులు, 800 వాట్లు. వోల్టేజి తగ్గిన మోటారు అదే బరువు మోయుటకు హెచ్చు కరెంటు లాగి, చుట్టలు వేడెక్కి కాలును. తీగె అడ్డుకోత వైశాల్యము రెట్టింపైన నిరోధము సగమగును. కావున తీగెకొనుటలో మిగిల్చిన రూకలు మోటారు చుట్టించుటలో పోవును.

నేడు మోటారు చుట్టు మెకానిక్కు మీటరు పట్టి ఓములు చూచుచున్నాడు. ఆ పేరు ఒక తాళములవాని యింటిపేరు. ఆ యింట ధనము లేదు, పుస్తకములు కలవు. చదువు నోచుకొనని తండ్రి పుస్తకము తెఱచుటచే ఆ బిడ్డలకు విద్య యబ్బెను. ఏ గ్రామమున గ్రంథాలయపు తలుపు తెఱచియుండునో, ఆ గ్రామమందలి పనివాని యింటను అట్టి తండ్రియు, అట్టి బిడ్డయు కలుగుదురుగాక.