డిగ్రీ లేని పక్షిశాస్త్రవేత్త సలీం అలీ

ఉద్యోగం పోయిన కొడుకును చూసి ఇల్లంతా దిగులుపడటం మనం ఎన్నో కుటుంబాలలో చూస్తూనే ఉన్నాము. చదువు మధ్యలో మానేసిన పిల్లవాడిని గురించి బంధువులు అనే మాటలూ మనకు తెలియనివి కావు. ఈ రెండు కష్టాలూ పడిన ఒక మనిషి జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయనే సుప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త సలీం అలీ.

1896 నవంబరు 12న బొంబాయిలో, సులైమానీ బోహ్రా కుటుంబంలో ఆయన జన్మించారు. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి కన్నుమూశారు. యతీం అయిన ఆ పిల్లవాడిని, అతని అన్నలను, అక్కలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం కన్నబిడ్డలుగా పెంచారు.

సుమారు పదేళ్ల వయసులో సలీం ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిట్ట అన్న సందేహం తీర్చుకోమని మేనమామ అతన్ని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర పిట్టను గుర్తించడంతో ఆగలేదు. అక్కడ భద్రపరచిన పక్షులన్నిటినీ ఆ కుర్రవాడికి ఓపికగా చూపించారు. ఆ దారి అక్కడే తెరుచుకుంది.

ఆ రోజుల్లోనే మరో సంగతి గమనించాడు. గూటి దగ్గర కాపలా ఉన్న మగ పిచ్చుకను కొడితే ఆడది మరో మగదాన్ని తెచ్చుకునేది. ఏడు రోజుల్లో అలా ఎనిమిది మగ పిచ్చుకలు పోయాయి. వేట సరదాలో చేసిన పనే అయినా, చూసినదంతా కాగితం మీద రాసుకున్నాడు.

కాలేజీ చదువు మొదటి ఏడాదే కష్టమైంది. చదువు మానేసి బర్మా వెళ్లి కుటుంబ వ్యాపారం చూసుకున్నారు. 1917లో తిరిగి వచ్చాక జంతుశాస్త్రం కొంత చదివినా డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. ఆ కారణంగానే ఒక ప్రభుత్వ శాస్త్రసంస్థలో ఉద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్ అయ్యారు. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, ప్రొఫెసర్ స్ట్రెసెమాన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగివచ్చేసరికి, డబ్బు లేదని ఆ ఉద్యోగాన్నే తీసేశారు.

భార్య తెహ్మీనాతో కలిసి సముద్రతీరంలోని కిహీం గ్రామం చేరుకున్నారు. ఇంటి దగ్గరే గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. పనిలేని మనిషి నెలల తరబడి వాటినే చూస్తూ కూర్చున్నారు. మగ పక్షి గూడు సగం కట్టి ఆపుతుంది. ఆడ పక్షులు వచ్చి పరిశీలిస్తాయి. ఒకటి ఒప్పుకుంటేనే మగది గూడు పూర్తిచేస్తుంది. ఆడది గుడ్లు పొదుగుతుంటే మగది మరో గూడు మొదలుపెట్టి మరో జతను వెతుక్కుంటుంది. 1931లో ప్రచురించిన ఈ పరిశీలన ఆయనకు పేరు తెచ్చింది.

తరువాత జీతం అక్కరలేదు, ఖర్చులు ఇస్తే చాలునని సంస్థానాలలో పక్షుల సర్వేకు సిద్ధపడ్డారు. మన నిజాం ప్రభుత్వం ముందుకు వచ్చింది. 1931, 32లలో భార్యాభర్తలిద్దరూ హైదరాబాద్ సంస్థానంలో గుడారాలు వేసుకుని తిరిగారు. 1939లో తెహ్మీనా మరణించడం ఆయనను కుంగదీసింది. అయినా పని ఆపలేదు. 1941లో భారతీయ పక్షులపై ఆయన పుస్తకం వెలువడింది. డిల్లన్ రిప్లేతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం 1968 నుంచి 1974 వరకు వచ్చింది. డిగ్రీ లేని ఆయనకు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1976లో పద్మవిభూషణ్, 1985లో రాజ్యసభ సభ్యత్వం లభించాయి.

చిన్ననాడు పిట్టను పట్టుకెళ్లిన ఆ సొసైటీ వారే 1986లో మన కడప జిల్లాలో, అంతరించిపోయిందనుకున్న కలివి కోడిని తిరిగి కనుగొన్నారు. మరుసటి ఏడాది 90 ఏళ్ల వయసులో సలీం అలీ కన్నుమూశారు.

చదువు అవసరం లేదని మేము చెప్పడం లేదు. ఆయన జీవితమంతా చదువుతూనే ఉన్నారు. అయితే ఇదేం పిట్ట అని మన ఇంట్లో పిల్లవాడు అడిగితే విసుక్కోకుండా, తెలిసినవారి దగ్గరికి పంపే మేనమామలా మనం ఉన్నామా? ఉద్యోగం పోయి ఇంట కూర్చున్న కొడుకును నిందించే ముందు, కిహీంలో గిజిగాళ్లను చూస్తూ కూర్చున్న ఆ మనిషిని ఒకసారి తలచుకుందాము.