కాన్రాడ్ కాండక్ట్ సర్టిఫికెట్

రహమత్ నగర్ బడిలో టీసీ చేతికివ్వగానే నేను ముందు చూసింది కాండక్ట్ గడి. మంచి మాటే ఉంది. ఇంగ్లీషు నవలాకారుడు జోసెఫ్ కాన్రాడ్‌కు ఆ అదృష్టం దక్కలేదు.

1857లో పోలిష్ ఇంట పుట్టాడు. పదకొండేళ్లకే తల్లీ తండ్రీ లేనివాడయ్యాడు. పదహారేళ్లకు సముద్రం బాట పట్టాడు. 1883లో బ్యాంకాక్‌కు బొగ్గు తీసుకెళ్తున్న ‘పాలెస్తీన్’లో సెకండ్ మేట్. బొగ్గు గాలి తగిలి లోలోపలే వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోకపోతే తనంతట తానే రాజుకుంటుంది. థర్మల్ ప్లాంట్లలో బొగ్గు గుట్టల్ని బుల్డోజర్లతో తొక్కించేది గాలి చొరబడకుండానే. ఓడలో ఆ వీలేదీ? సుమత్రా దగ్గర తగలబడింది. పడవల్లో బయటపడి ముంటోక్ రేవు చేరారు.

మరుసటేడు ‘రివర్స్‌డేల్’లో మద్రాసు వచ్చాడు. కెప్టెన్ కోసం డాక్టరును పిలవబోయి, ఆయన తాగి ఉన్నాడని చెప్పేశాడు. కెప్టెన్ పనితనం చాలా బాగుందని రాసి, నడవడిక గురించి చెప్పనన్నాడు. కొలువు వెతుక్కునేవాడికి అంతకు మించిన దెబ్బ ఏముంటుంది? కాన్రాడ్ రైల్లో బొంబాయి వెళ్లి వేరే ఓడ చూసుకున్నాడు. అప్పటి ఆ లైను కడప, గుత్తి, ఆదోని మీదుగానే. ‘రివర్స్‌డేల్’ మాత్రం కొన్నాళ్లకే మన బందరు దగ్గర నేల తగిలి ఇరుక్కుంది. కెప్టెన్ సర్టిఫికెట్టే సస్పెండయింది.

1886లో కాన్రాడ్ కెప్టెన్ పరీక్ష ప్యాసయ్యాడు. ఇరవయ్యేళ్లు వచ్చాక నేర్చిన ఇంగ్లీషులో, పాలెస్తీన్ మంటల్ని 1898లో ‘యూత్’ కథగా రాశాడు. అందులో ఓడ పేరు మార్చాడు. ఆ ఓడ ముసలి కెప్టెన్ ఇంటిపేరు మాత్రం బియర్డ్ అనే ఉంచాడు.